డిగ్లీపూరులో వెబ్‌సైటు పని: ఆపరేటింగ్ సిస్టము మార్పులోని సాధక బాధకములు



డిగ్లీపూరు నేలలో వరి పండును, పోకయు కొబ్బరియు పండును. నేల ఈయలేనిది అంతయు సముద్రము దాటి రావలసినదే. సిమెంటు బస్తా, మందుబుడ్డి, బడిపిల్లల పుస్తకము, కుట్టుమిషను సూది, అన్నియు చెన్నపట్టణము నుండియో, విశాఖపట్టణము నుండియో, కలకత్తా నుండియో ఓడ నెక్కి, 2024 సెప్టెంబరు నుండి శ్రీవిజయపురమని వ్యవహరింపబడుచున్న పోర్టుబ్లెయిరులో దిగి, అచ్చటినుండి ఉత్తరముగా సుమారు మూడువందల కిలోమీటర్ల దారి సాగి వచ్చును. అట్టి చోట ఏ వస్తువునైనను పారవేయుటకు ముందు గృహస్థుడు రెండుమారులు ఆలోచించును. అది లోభము కాదు, అనుభవము.

కంప్యూటరు విషయమున ఇట్టి ఆలోచన ఇప్పుడు అనేక గృహములకు తప్పనిదైనది. మైక్రోసాఫ్టు సంస్థవారు విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు ఉచితముగా ఇచ్చుచుండిన భద్రతా సవరణలను 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించిరి. ప్రత్యేకముగా నమోదు చేసికొన్న గృహస్థులకు మాత్రము మరియొక సంవత్సరము గడువు నిచ్చిరి. విండోస్ 11 అన్ని యంత్రములపైకి ఎక్కదు. ఇంటెల్ ప్రాసెసరులలో సామాన్యముగా ఎనిమిదవ తరమునకు చెందినవి, అనగా 2017 ప్రాంతమున వెలువడినవియు ఆ తరువాతివియు ఉండవలెను. టి.పి.ఎం. 2.0 అను భద్రతా విభాగము కూడ ఉండవలెను. దీని ఫలితమేమనగా, 2015లోనో 2016లోనో జీతములో మిగిల్చి కొన్న యంత్రము ఏ భాగమును చెడకయే పదవీవిరమణ చేయవలసివచ్చినది. యంత్రము చెడలేదు. దానికున్న కాపలా మాత్రము తీసివేయబడినది.

ఇంటిలో వెబ్‌సైట్లు నిర్మించుట నేర్చుకొనుచున్న కుమారుడో కుమార్తెయో ఉన్నచో ఈ సమస్య మరియొక రూపమున ఎదురగును. "నాన్నగారూ, దీనిపై లినక్సు ఎక్కించెదను" అని పిల్లవాడనును. "ఉన్నది చెడగొట్టకు" అని తండ్రి అనును. ఇద్దరి మాటలోను న్యాయమున్నది. ఈ ప్రసంగము ఆ ఇద్దరి కొఱకును ఉద్దేశింపబడినది.

ముందుగా, ఆపరేటింగ్ సిస్టమనగా ఏమి? కార్యాలయములో హెడ్ గుమాస్తా ఎట్టివాడో కంప్యూటరులో అది అట్టిది. ఏ ఫైలు ఏ బీరువాలో నున్నది, ఎవరికి ఏ బల్ల, ఏ కాగితమును ఎవరు చూడవచ్చును, ఎవరు దిద్దవచ్చును, ఈ వ్యవహారమంతయు అతని చేతిమీదుగా జరుగును. హెడ్ గుమాస్తాకు బదిలీయైనచో కార్యాలయము మూతపడదు. ఫైళ్ళు అవియే, పని అదియే. కాని క్రొత్తవాని దస్త్రముల పద్ధతి వేరు, ముద్రలు పెట్టు చోటు వేరు, మొదటి నెల అందఱకును చికాకు. కంప్యూటరులోని బదిలీయు అట్టిదే. కేంద్రప్రభుత్వోద్యోగుల కుటుంబములకు బదిలీలను గూర్చి వేరుగ చెప్పవలసినది లేదు.

ఇక వెబ్‌సైటు పనిలో ఈ బదిలీ అవసరమేమి? వెబ్‌సైటు నిర్మించువాని బల్లమీద నుండి పని చేయదు. అది ఎచ్చటనో ఒక సర్వరులో కాపురముండును. లోకమునందలి వెబ్ సర్వరులలో అత్యధిక భాగము లినక్సుపై నడచుచున్నవి. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన కెర్నెలునకు, 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళికలోని ఉపకరణములు తోడై ఈ వ్యవస్థ ఏర్పడినది. కనుక విండోసులో వెబ్‌సైటు కట్టి సర్వరునకు పంపు యువకుడు ఒక విధముగా ఒకచోట ఇల్లు కట్టి వేరొకచోట దానిని నిలుపుచున్నాడు. తలుపులు సరిపడకపోవుట అచ్చటనే జరుగును.

ఒక చిన్న దృష్టాంతము. సంఘ వార్షికోత్సవపు ఛాయాచిత్రమును కెమెరానుండి తీసినపుడు దాని పేరు చివర మూడక్షరములు ఇంగ్లీషు పెద్దబడిలో నుండుట సాధారణము. వెబ్ పుట వ్రాయువాడు అవే మూడక్షరములను చిన్నబడిలో వ్రాసినాడనుకొనుడు. విండోసు ఈ రెండింటిని ఒకటిగానే ఎంచి బొమ్మను చూపును. లినక్సు అట్లు చూపదు. పెద్దబడి వేరు, చిన్నబడి వేరు, పేరు వేరు, కావున ఫైలు లేదు అనును. ఇంటిలో చక్కగ కనబడిన బొమ్మ సర్వరు చేరగానే మాయమగును. పిల్లవాడు నెట్‌వర్కును నిందించును, సర్వరు నడపువారిని నిందించును, కట్టకడపట ఒక్క అక్షరముకడకు వచ్చి ఆగును.

ఇంతకంటె వింతయైనది పంక్తి చివరి గుర్తు. టెలిప్రింటరుపై పనిచేసిన తపాలా తంతి శాఖ పెద్దలకు ఇది వెంటనే బోధపడును. టెలిప్రింటరులో ఒక పంక్తి ముగిసిన పిమ్మట రెండు ఆజ్ఞలు పంపవలసియుండెను. అచ్చుకొట్టు భాగమును ఎడమ అంచునకు తెచ్చుట ఒకటి, కాగితమును ఒక వరుస జరుపుట రెండవది. మొదటిదానికి క్యారేజి రిటర్ను అనియు, రెండవదానికి లైను ఫీడు అనియు పేరు. మొదటిదానిని మరచినచో తరువాతి పంక్తి కుడి అంచుననే ఆరంభమగును. రెండవదానిని మరచినచో వ్రాతమీద వ్రాత పడును. కంప్యూటర్లు ఈ రెండు గుర్తులను వారసత్వముగా పొందినవి. ఎం.ఎస్. డాసును దానినుండి విండోసును రెండింటిని నిలుపుకొన్నవి. 1969లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్సు మాత్రము లైను ఫీడు ఒక్కటియే చాలుననుకొన్నది. లినక్సు ఆ మార్గమునే అనుసరించినది.

ఫలితమేమనగా, విండోసులో వ్రాసిన చిన్న ఆజ్ఞల పత్రమొకటి సర్వరు చేరును. దాని మొదటి పంక్తిలో ఈ పత్రమును ఏ ప్రోగ్రాము చదువవలెనో ఆ ప్రోగ్రాము పేరుండును. ఆ పంక్తి చివర కంటికి కనబడని క్యారేజి రిటర్ను ఒకటి అంటుకొనియుండును. లినక్సు దానిని కూడ పేరులోని అక్షరముగానే భావించి, ఇట్టి పేరుగల ప్రోగ్రాము లేదని త్రిప్పిపంపును. పత్రము తెరచి చూచినచో పేరు స్పష్టముగా ఉన్నది. సర్వరు లేదనుచున్నది. ఒక రాత్రియంతయు నిద్ర లేకుండ చేయుటకు ఇది చాలును. భారతదేశమున తంతివార్తల సేవ 2013 జూలై 15వ తేదీనుండి నిలిచిపోయినది. తంతి యంత్రపు అలవాటు మాత్రము ఇండ్లలోని కంప్యూటర్లలో నేటికిని సజీవముగానే యున్నది!

నేటి ఎడిటరులలో ఈ గుర్తును ఎన్నుకొను సదుపాయమున్నది. టోర్వాల్డ్స్ గారే 2005లో రచించిన గిట్ అను ఉపకరణము కూడ దీనిని సర్దగలదు. ఫైలును చదువుటకు, దిద్దుటకు, నడపుటకు ఎవరికి హక్కున్నదో నిర్ణయించు పద్ధతియు రెండు వ్యవస్థలలో వేరువేరు. ఇట్టివన్నియు తెలిసినవానికి విండోసులోనుండియే పని సాగును. తెలియనివానికి తప్పు ఎచ్చట కనబడుననునదియే ముఖ్యము. బల్లమీది యంత్రమును సర్వరును ఒకే జాతివైనచో తప్పు వ్రాసిన దినముననే, వ్రాసిన ఇంటిలోనే బయటపడును. వేరైనచో లోకమునకు ప్రకటించిన పిమ్మట బయటపడును.

ఈ భేదము హైదరాబాదులో కంటె డిగ్లీపూరులో ఎక్కువ బరువు గలది. చెన్నపట్టణము నుండి ద్వీపములకు వేసిన సముద్రగర్భపు కేబులును 2020 ఆగస్టు 10న ప్రారంభించిరి. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. అంతకుపూర్వము ద్వీపములు ఉపగ్రహముపై ఆధారపడియుండెను, ఒక పుట తెరుచుకొనులోపల కాఫీ కాచుకొని త్రాగవచ్చుననుట అతిశయోక్తి కాదు. కేబులు పోర్టుబ్లెయిరుతోబాటు స్వరాజ్ ద్వీపము, లాంగ్ ఐలండు, రంగత్తు, లిటిల్ అండమాను, కార్‌నికోబారు, కామోర్తా, గ్రేట్ నికోబారులను కలిపినది. ఆ పట్టికలో డిగ్లీపూరు పేరు లేదు. ఉత్తరమున రంగత్తువరకు వచ్చిన ఆ సదుపాయము అచ్చటినుండి మధ్య అండమానును, మాయాబందరును దాటి రావలసియున్నది. అనేక మజిలీల పిమ్మట చేరు సంపర్కమును నమ్ముకొని, సర్వరుపైననే దిద్దుచు, చూచుచు, మరల దిద్దుచు పనిచేయుట కంటె, సర్వరువంటి దానినే ఇంటిలో నెలకొల్పుకొని పని పూర్తిచేసి ఒక్కమారుగ పంపుట మేలు. లినక్సునకు మారుటలో డిగ్లీపూరువానికి గల ప్రధానలాభము ఇదియే. ఉచితమనుట రెండవ మాట.

అయినను ఆ రెండవ మాటను తేలికగ తీసివేయరాదు. లినక్సులోని ఉపకరణములు ప్యాకేజీలను పేరుతో వచ్చును. 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నవి. అపాచి సర్వరు, డేటాబేసు, పి.హెచ్.పి., నోడ్, అన్నియు అందులోనివే. వీనిని ఒకమారు దించుకొన్నచో పెన్‌డ్రైవులో పెట్టి ప్రక్క క్వార్టరువారికి ఈయవచ్చును, వారు మరియొకరికి ఈయవచ్చును. లైసెన్సు దానికి అడ్డుచెప్పదు, పైగా అనుమతించును. ఒక కాలనీలో పదిమంది పిల్లలు పదిమారులు దించుకొననక్కఱలేదు. కల్పాంగ్ నదిని చూచినవారికి ఈ సంగతి సులభముగా తెలియును. ద్వీపములలో విద్యుత్తు చాలవరకు ఓడలో వచ్చు డీజిలుతోడనే తయారగును. 732 మీటర్ల శాడిల్ పీకునుండి దిగివచ్చు కల్పాంగ్ నీటితో డిగ్లీపూరున 5.25 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రము నడచుచున్నది. అది అంతటి అవసరమును తీర్చుటలేదు. కాని ఆమేరకు ఓడకై ఎదురుచూపు తగ్గినది. ఊరిలో ఒక చోట నిలువయున్న ప్యాకేజీల భాండారమును ఇట్టిదే.

ఒకప్పుడు ఉబుంటు అను లినక్సు సి.డి.లను 2005 నుండి 2011 వరకు తపాలాద్వారా అడిగినవారి ఇంటికి ఉచితముగా పంపుచుండిరి. తపాలా కూడ ఒక నెట్‌వర్కేయని ఆ సి.డి.లు నిరూపించినవి. ఆ పథకము ఇప్పుడు లేదు. పెన్‌డ్రైవు దాని స్థానమును ఆక్రమించినది.

ఇక తెలుగు సంగతి. ఇందులోనే అసలు ఆందోళన కలదు, ఉండవలెను కూడ. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ ద్వీపములలో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వచ్చి స్థిరపడినవారు వారిలో అనేకులు. వారి పిల్లలు నిర్మించు వెబ్‌సైటులో తెలుగు పుటలుండవలెనని ఆశించుట సహజము. వ్యవస్థ మార్చిన పిమ్మట ఆ తెలుగు నిలుచునా?

ఈ ప్రశ్నకు చరిత్ర సమాధానము చెప్పినది. 2000 ప్రాంతములో తెలుగు దినపత్రికలు ఇంటర్నెట్టున ప్రవేశించినపుడు ఒక్కొక్క పత్రిక తన సొంత ఫాంటును, సొంత సంకేతములను వాడెను. "క" అను అక్షరమునకు ఒక పత్రికలో ఉన్న సంఖ్య మరియొక పత్రికలో లేదు. ఆ ఫాంట్లు తమంతట తాము దిగివచ్చు ఏర్పాటు చాలవరకు విండోసులోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు అనుకూలముగా నుండెను. లినక్సువాడు ఆ పుటను తెరచినచో తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరముల కలగూరగంప కనబడెడిది. తప్పు లినక్సుది కాదు, తెలుగుది అంతకన్నను కాదు. అక్షరములను ఒక సంస్థ ఫాంటునకు తాకట్టు పెట్టుటవలన వచ్చిన చిక్కు అది. వెన్న నాగార్జున గారు దీనికి పరిహారముగా పద్మ అను ఉపకరణమును నిర్మించిరి. దానిని ఫైర్‌ఫాక్సు బ్రౌజరులో చేర్చుకొన్నచో ఆ పుటలలోని సొంత సంకేతములు యూనికోడు తెలుగుగా మారి కనబడెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ఆరంభించినవారును ఆయనయే.

యూనికోడు 1991లో వెలువడిన మొదటి ప్రతిలోనే తెలుగునకు 128 స్థానములు కేటాయించినది. ఆ సంకేతములలో వ్రాసిన తెలుగు విండోసులోను తెలుగే, లినక్సులోను తెలుగే, చేతిఫోనులోను తెలుగే. వికీపీడియా వృత్తాంతము దీనికి చక్కని నిదర్శనము. 2008లో ఆ సంస్థవారు తమ సర్వరులను రెడ్‌హ్యాట్, ఫెడోరాలనుండి ఉబుంటునకు మార్చిరి. కొన్ని సంవత్సరముల పిమ్మట డెబియనునకు మార్చిరి. ఇవి రెండును లినక్సు కుటుంబములోని శాఖలే, కాని నడపువారికి అది పెద్ద పనియే. తెలుగు వికీపీడియా పుట చదువుకొనుచున్న పాఠకునికి మాత్రము ఒక్క వత్తుకూడ చెదరలేదు. అక్షరములు ఏ వ్యవస్థకును బానిసలు కానపుడు వ్యవస్థను మార్చుట ఇల్లు మారినంత సులభము. ఆ ఏర్పాటు లేనపుడు మార్పనగా సామాను పోగొట్టుకొనుట.

కనుక లినక్సు ఎక్కించుటకు ముందు చేయవలసిన మొదటి పని లినక్సునకు సంబంధించినది కాదు. ఇంటిలోను సంఘములోను ఉన్న పాత తెలుగు ఫైళ్ళను ఒకచోట చేర్చి, అవి ఏ సంకేతములలో నున్నవో చూచుకొనవలెను. సంచికలు అచ్చువేయు తెలుగు ముద్రణాలయములు పలుకాలమునుండి పేజిమేకరులో అను ఫాంట్లతో కూర్పు చేయుచు వచ్చినవి. పేజిమేకరు చివరి ప్రతి 7.0 వెలువడినది 2001లో. ఆ ఫైళ్ళు యూనికోడు కావు. అవి విండోసులోనే, ఆ ఫాంటు ఉన్న యంత్రములోనే సరిగా తెరుచుకొనును. వ్యాసములు, కవితలు, దివంగతులైన పెద్దలను గూర్చిన స్మృతిరచనలు అందులోనుండును. వానిని మార్పిడి ఉపకరణముతో యూనికోడులోనికి తెచ్చి, ప్రతి పంక్తిని కంటితో సరిచూచి, ఆపైన పాత యంత్రము జోలికి పోవలెను. మార్పిడిలో అరసున్నలు, వత్తులు తారుమారగుట పరిపాటి. ఈ సరిచూచు పని యంత్రముది కాదు, తెలుగు బాగుగ వచ్చిన తల్లిదండ్రులది. పిల్లవాడు లినక్సు నెలకొల్పుచుండగా తండ్రి వత్తులు దిద్దుచుండుట మంచి శ్రమవిభజనమే.

మార్పువలన తెలుగు పుటలకు కలుగు లాభమొకటి కూడ కలదు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చినది, తరువాతి ప్రతులలో నిర్మల వచ్చినది. లినక్సులో లోహిత్ తెలుగు కాని నోటో కాని ఉండును. చేతిఫోనులలో హెచ్చుగా నోటోయే. తెలుగు అక్షరము పైకి తలకట్టు, గుడి, ఏత్వములతోను, క్రిందికి వత్తులతోను ఎదుగునట్టిది. "రాష్ట్రము", "స్వాతంత్ర్యము" వంటి పదములలో వత్తు క్రింద వత్తు దిగును. ఇంగ్లీషునకు సరిపడునట్లు పంక్తుల ఎడమును బిగించి పుట నిర్మించినచో, ఒక ఫాంటులో ఇమిడిన వత్తు మరియొక ఫాంటులో కత్తిరింపబడును. గౌతమిని మాత్రమే చూచుకొని మురిసినవాడు ఈ లోపమును కనుగొనలేడు. రెండు వ్యవస్థలలో చూచినవానికి అది మొదటిదినముననే కనబడును. కీబోర్డు విషయమున చింత అనవసరము. ఇన్‌స్క్రిప్టు రెండింటిలోను ఉన్నది, ఆర్.టి.ఎస్. అలవాటున్నవారికి లినక్సులో దానికిని సదుపాయము కలదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగు మాటలతోడనే నడచు లినక్సును కూడ సిద్ధపరచిరి.

ఈ మార్పు ప్రభుత్వములకు తెలియనిది కాదు. సి-డాక్ సంస్థవారు డెబియను ఆధారముగా బాస్ అను వ్యవస్థను తయారుచేసి 2007లో విడుదల చేసిరి, అందులో తెలుగును కలదు. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి సవరణలు ఆగిపోయినపుడు తమిళనాడు ప్రభుత్వము తన కార్యాలయములకు బాస్‌ను సూచించినది. 2015లో కేంద్రప్రభుత్వము ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరునకు ప్రాధాన్యమిచ్చు విధానమును ప్రకటించినది. రక్షణ మంత్రిత్వశాఖ ఉబుంటు ఆధారమైన మాయా ఓఎస్‌ను ప్రవేశపెట్టుచున్నట్లు 2023 ఆగస్టులో వార్తలు వచ్చినవి.

అన్నియు జయగాథలు కావు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలకసంఘము 2003లో లినక్సునకు మారుటకు నిశ్చయించి, 2013 నాటికి సుమారు 15 వేల యంత్రములను మార్చినది. 2017లో మరల విండోసునకే పోవుటకు తీర్మానించినది. ఇతర కార్యాలయములనుండి వచ్చు పత్రములు సరిగా తెరుచుకొనుటలేదను ఫిర్యాదులు అందులో ముఖ్యమైనవి, రాజకీయము కూడ కొంత ఉన్నదందురు. వెబ్‌సైటు పనికి ఈ ఉదాహరణము నేరుగా వర్తింపదు, వెబ్ పుటలు బహిరంగ ప్రమాణములతో నడచును గనుక. కాని ఇంటిలోని అదే కంప్యూటరుతో తండ్రి ఆఫీసు పత్రములు చూచుకొనునపుడు తప్పక వర్తించును. డిజిటల్ సంతకపు టోకెను లినక్సులో పనిచేయునో లేదో ముందే పరీక్షింపవలెను. ఆఫీసువారిచ్చిన యంత్రమును మాత్రము అనుమతిలేక తాకరాదు. అది ఇంటివస్తువు కాదు, దాని కాపలా బాధ్యత వేరొకరిది.

విండోసును విడువకయే లినక్సును వాడుకొను మార్గము 2016 నుండి కలదు. డబ్ల్యు.ఎస్.ఎల్. అను ఏర్పాటుతో విండోసులోపలనే ఉబుంటు నడచును. 16 గిగాబైట్ల మెమరీగల క్రొత్త యంత్రమున్నవారికి ఇది తృప్తికరమైన రాజీ. నాలుగు గిగాబైట్ల పాతయంత్రమునకు ఇద్దరు హెడ్ గుమాస్తాలను పోషించు శక్తి లేదు. దానికి తేలికపాటి లినక్సు ఒక్కటియే తగినది. ఆపిల్ వారి మాక్ యూనిక్సు వంశములోనిదే గాని, ధరనుబట్టి దానిని ఈ ప్రసంగములో చర్చింపనక్కఱలేదు. ఫైళ్ళ పేర్లలో పెద్దబడి చిన్నబడి భేదమును అదియును సాధారణముగా పాటింపదు.

నిశ్చయించుకొన్నవారు చేయవలసినది సులభమే. డెబియను చిన్న ఇన్‌స్టలేషన్ ఫైలు ఒక గిగాబైటునకు లోబడియున్నది, కాని అది తక్కిన భాగములను నెట్‌వర్కుద్వారా తెచ్చుకొనును. ఉబుంటు పూర్తి ఫైలు సుమారు ఆరు గిగాబైట్లు. సంపర్కము తెగిపోవుచుండు చోట పెద్దదానినే ఒకమారు, వీలైనచో పోర్టుబ్లెయిరుకో చెన్నపట్టణమునకో పోయినపుడు, దించుకొని వచ్చుట తెలివి. దానిని పెన్‌డ్రైవుపై ఎక్కించి యంత్రమును దానినుండి ఆరంభించినచో, లోపలి డిస్కును తాకకయే లినక్సు నడచును. ఒక వారము అట్లే నడపి చూడవచ్చును. వై-ఫై పట్టుకొనుచున్నదా, శబ్దము వచ్చుచున్నదా, తెర మూసి తెరచినపుడు మేలుకొనుచున్నదా అని పరీక్షింపవలెను. తెలుగు కీబోర్డు ఎక్కించి సంఘపు పేరు, ఇంటివారందఱి పేర్లు వ్రాసి చూడవలెను.

అన్నిటికంటె ముందు ప్రింటరును పరీక్షింపవలెను. పిల్లవాని వెబ్‌సైటు లినక్సులో ఎంత అందముగ నడచినను, జీతపు చీటీయో ఓడ టిక్కెట్టో ముద్రింపవలసిన ఉదయమున ప్రింటరు పలుకకపోయినచో ఆ ఇంటిలో లినక్సు ఆయువు ఆ సాయంకాలము వరకే. ప్రింటరు పలికిన పిమ్మటను పాత డిస్కును వెంటనే తుడిచివేయరాదు. మూడు నెలలు బీరువాలో భద్రపరచి, అంతవరకు ఎవరును దానిని అడుగకపోయినచో, ఫైళ్ళు మరియొకమారు సరిచూచుకొని, అప్పుడు దానిని వేరొక పనికి వాడుకొనవచ్చును.